హెల్మట్ బైనెర్ట్ పరిశోధన: 1.94 సంకేతం, అకోనిటేజ్ గురించి సందేహాలు

ఎమ్మెస్సీ విద్యార్థిని:
అందరికీ నమస్కారం. ఇనుము, గంధకం పరమాణువుల గుంపులు (క్లస్టర్లు) ఉండే ఐరన్-సల్ఫర్ ప్రోటీన్ల మీద సెమినార్‌కు సిద్ధమవుతున్నాను. ఏ వ్యాసం తెరిచినా జీవరసాయన శాస్త్రవేత్త హెల్మట్ బైనెర్ట్ పేరే ఎదురవుతోంది. 1913లో జర్మనీలో పుట్టి, 1947లో అమెరికా చేరి, 1950 నుంచి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు ఎంజైమ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన ఆయన, కొవ్వు ఆమ్లాల ఆక్సీకరణలో పాల్గొనే ఫ్లేవోప్రోటీన్ల (ఫ్లేవిన్ అనే అణువును కలిగిన ప్రోటీన్ల) నుంచి ఇనుము వైపు ఎలా మళ్లారో నాకు అంతుపట్టడం లేదు. 1.94 అనే ఒక్క అంకెకు అంత ప్రాముఖ్యం ఎందుకు? పైగా ఎలక్ట్రాన్లను ఇచ్చిపుచ్చుకోని అకోనిటేజ్ అనే ఎంజైమ్‌లో ఐరన్-సల్ఫర్ క్లస్టర్‌కు పనేమిటి? పెద్దలు వివరించగలరు.

స్పెక్ట్రోస్కోపీ అధ్యాపకుడు:
మీ మొదటి సందేహానికి జవాబు ఆ ఫ్లేవిన్లలోనే ఉంది. ఫ్లేవిన్ ఒక్క ఎలక్ట్రాన్ తీసుకున్నప్పుడు ఏర్పడే రాడికల్‌ను చూడాలంటే, జతలేని ఎలక్ట్రాన్లను పసిగట్టే ఈపీఆర్ (ఎలక్ట్రాన్ పారామాగ్నెటిక్ రెసొనెన్స్) పరికరం కావాలి. అందుకే బైనెర్ట్ భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ శాండ్స్‌తో కలిసి, సక్సినేట్ డీహైడ్రోజనేజ్ వంటి మైటోకాండ్రియా ఎంజైములను గడ్డకట్టించి పరీక్షించారు. వారు 1960లో ప్రచురించిన ఫలితాల్లో, క్షయకరణం చెందిన (ఎలక్ట్రాన్లు స్వీకరించిన) నమూనాల నుంచి, సంకేతం ఎక్కడ వస్తుందో తెలిపే జి విలువ 1.94 దగ్గర ఒక సంకేతం వచ్చింది. స్వేచ్ఛా ఎలక్ట్రాన్ విలువ 2.0023. ఇనుము సంకేతాలు సాధారణంగా రెండు దగ్గరో అంతకు పైనో వస్తాయి కాబట్టి, రెండుకు దిగువన కనిపించినదాన్ని ఇనుముదని నమ్మడానికి చాలామందికి మనసొప్పలేదు. దాన్ని తేల్చిన ప్రయోగం నాకు ఈ చరిత్ర మొత్తంలోకీ ఇష్టమైనది: అజోటోబాక్టర్ అనే బాక్టీరియాను ఇనుము-57 ఐసోటోపు ఉన్న మాధ్యమంలో పెంచి, దాని ప్రోటీన్‌ను వేరుచేసి చూస్తే, ఆ సంకేతపు రేఖ వెడల్పైంది. ఇనుము-57 కేంద్రకానికి స్పిన్ ఉంటుంది, అది దగ్గరి ఎలక్ట్రాన్ సంకేతాన్ని ప్రభావితం చేస్తుంది. సంకేతం ఇనుముది కాకపోతే రేఖ అలా మారడానికి కారణమే లేదు. ఇది 1964 నాటి మాట.

మరో సభ్యుడు:
పైన చెప్పినదంతా సరైనదే గాని, ఘనతనంతా బైనెర్ట్ ఖాతాలోనే వేయడం న్యాయం కాదు. ఆ సంకేతం ఇనుముదని ఆయన బృందం నిరూపించింది. విలువ రెండుకు దిగువన ఎందుకుందో 1966లో ఇంగ్లండ్‌లో గిబ్సన్, హాల్, థార్న్‌లీ, వాట్లీ వివరించారు. ఫెర్రిక్ (మూడు ధనావేశాల) ఇనుములో ఐదు, ఫెర్రస్ (రెండు ధనావేశాల) ఇనుములో నాలుగు జతలేని ఎలక్ట్రాన్లు ఉంటాయి. గంధకం వారధిగా ఆ రెండు పరమాణువుల స్పిన్‌లు ఎదురెదురుగా నిలిస్తే నికరంగా ఒకే ఎలక్ట్రాన్‌కు సమానమైన స్పిన్ మిగులుతుంది. సెమినార్‌లో ఈ లెక్కను బోర్డు మీద వేసి చూపండి. రెండు నిమిషాలు చాలు.

ఎంజైమ్ పరిశోధకురాలు:
అకోనిటేజ్ సంగతి నేను చెబుతాను. గాలి తగిలేలా శుద్ధిచేసిన అకోనిటేజ్ నిద్రాణంగా ఉంటుందనీ, ఫెర్రస్ ఇనుము, క్షయకరణి కలిపితే మేల్కొంటుందనీ ముందే తెలుసు. కారణం మాత్రం 1980లలో, మేరీ క్లేర్ కెనెడీ, ఎకార్డ్ మ్యుంక్ తదితరులతో కలిసి బైనెర్ట్ చేసిన పనితోనే స్పష్టమైంది. నిద్రాణ రూపంలోని క్లస్టర్‌లో మూడే ఇనుము పరమాణువులు ఉంటాయి. నాలుగోది చేరితే ఎంజైమ్ పనిచేస్తుంది. మిగతా మూడింటినీ ప్రోటీన్‌లోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు పట్టుకుంటాయి. నాలుగోదానికి ఆ పట్టు లేదు కనుక అది సులభంగా జారిపోతుంది, ఆ ఖాళీ వల్లనే సిట్రేట్ నేరుగా దాన్ని అంటుకోగలుగుతుంది. అంటే ఇక్కడ క్లస్టర్ చేసేది లూయీ ఆమ్లపు (ఎలక్ట్రాన్ జంటను స్వీకరించే పదార్థపు) పని: హైడ్రాక్సిల్‌ను లాగి, సిట్రేట్ ఐసోసిట్రేట్‌గా మారడానికి దారి తీస్తుంది. ఇనుము-57ను ఆ ఒక్క స్థానంలోనే చేర్చి, ఇనుము కేంద్రకాలు గామా కిరణాలను శోషించే తీరును చూపే మోస్‌బావర్ వర్ణపటంలో సిట్రేట్ చేరినప్పుడు దాని రేఖలు మారడాన్ని చూడటం వల్లే ఇంత కచ్చితంగా చెప్పగలిగారు.

ఎమ్మెస్సీ విద్యార్థిని:
ధన్యవాదాలండీ. 1984లో పదవీ విరమణ తర్వాత కూడా ఆయన ఇదే విషయం మీద పనిచేశారా?

ఎంజైమ్ పరిశోధకురాలు:
పనిచేశారు, మిల్వాకీలోని మెడికల్ కాలేజ్ ఆఫ్ విస్కాన్సిన్‌లో. కణద్రవంలోని అకోనిటేజ్, ఇనుము కొరవడి క్లస్టర్‌ను కోల్పోయినప్పుడు, ప్రోటీన్ల తయారీకి సందేశాలు మోసే ఎంఆర్ఎన్ఏలను పట్టుకునే నియంత్రణ ప్రోటీన్‌గా మారుతుందని 1990ల ఆరంభంలో తేలింది. ఆ పనిలో కెనెడీతో పాటు ఆయనకూ భాగముంది. ఆ ప్రోటీన్ పట్టుకుంటే ఇనుమును నిల్వచేసే ఫెర్రిటిన్ తయారీ ఆగుతుంది, ఇనుమును కణంలోకి తెచ్చే ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకపు ఎంఆర్ఎన్ఏ విచ్ఛిన్నం కాకుండా నిలుస్తుంది. మీకు వ్యవధి తక్కువగా ఉంటే ఫ్లేవిన్ల భాగాన్ని కుదించండి గాని దీన్ని వదలకండి.