అప్‌డేట్: పాప కూచిపూడి మానేస్తానన్న విషయం

తొమ్మిదేళ్ల మా పాప రెండేళ్లుగా నేర్చుకుంటున్న కూచిపూడి మానేస్తానంటోంది, బలవంతంగా పంపాలా అని మూడు నెలల క్రితం అడిగాను. ముందు కారణం కనుక్కోమన్నారు చాలామంది.

కనుక్కున్నాను. కారణం నేనే! ఇంటికి చుట్టాలు వస్తే చాలు, "ఏదీ, ఒకసారి చేసి చూపించమ్మా" అనేదాన్ని. అదే దాని టెన్షన్. అరమండిలో (మోకాళ్లు పక్కలకి వంచి సగం కూర్చున్నట్టు ఉండే భంగిమ) కూర్చుని ఒక్కో అడవు, అంటే అడుగుల వరస, మూడు వేగాల్లో చేయడం కష్టమే కానీ, అది ఇష్టమేనట. ఇప్పుడు నేను అడగడం మానేశాను. ఫీజు కడతాను, గజ్జెలు సంచిలో పెడతాను, అంతే.

అసలు మలుపు మా అత్తగారి వల్ల వచ్చింది. ఆవిడది మొవ్వ దగ్గర పల్లెటూరు, కూచిపూడికి కూతవేటు దూరం. ఒకప్పుడు భామాకలాపం అనే కూచిపూడి నృత్యనాటకంలో సత్యభామ వేషం కూడా మగవాళ్లే కట్టేవారని, భామ జడకి ఎంత ప్రాధాన్యమో చెప్పారు. అది విన్న మా ఐదేళ్ల బాబు నా చున్నీని జడలా వేలాడేసుకుని తిరుగుతున్నాడు. అక్క వాడికి "తై" ఎలా తట్టాలో నేర్పుతోంది, తిడుతూనే.

ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి చేసే తరంగం నాట్యం ఎప్పుడు నేర్పిస్తారని నిన్న గురువుగారిని అడిగిందట. "ముందు నేల మీద నిలబడు తల్లీ" అన్నారట ఆయన.