నాన్న పెంటాక్స్‌తో పాప లాల ఫోటోలు తీస్తున్నా, సగం షేక్ అవుతున్నాయి, సాయం చేయండి

గోదారి ఒడ్డు:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. పాప పుట్టాక నేను హైదరాబాద్ నుంచి వచ్చేసి ఇంటి నుంచే పని చేస్తున్నా. మా నాన్న 1989లో కువైట్ నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్న పెంటాక్స్ కె1000 ఫిల్మ్ కెమెరా ఒకటి బీరువాలో బట్టల అడుగున లెదర్ కేసులో ఉంది, 50 ఎంఎం ఎఫ్2 లెన్స్. నాన్న పోయి నాలుగేళ్ళయింది, ఎవరూ ముట్టుకోలేదు. తీసి బటన్ నొక్కితే టక్‌మని షట్టర్ కొట్టింది, ఎల్ఆర్44 సెల్లు కొత్తది వేస్తే లోపల వెలుగు కొలిచే మీటర్ ముల్లు కూడా కదిలింది, నిజం చెప్తున్నా నాకు ఏడుపొచ్చింది.

పాపకి ఇప్పుడు అయిదో నెల. మా నాన్నమ్మకి 81 ఏళ్ళు, ఇప్పటికీ మునిమనవరాలికి తనే లాల పోస్తుంది, ఎవరినీ పొయ్యనివ్వదు. పెరట్లో రేకుల షెడ్డు కింద పీట వేసుకుని కాళ్ళు చాపి, పాపని కాళ్ళ మీద పడుకోబెట్టి, నూనె రాసి, నలుగు పెట్టి, చెంబుతో తల మీద పోసేటప్పుడు ఎడమ అరచెయ్యి పాప నుదుటికి అడ్డం పెడుతుంది, కళ్ళలోకి ఒక్క చుక్క పోదు. తర్వాత లోపలికి తెచ్చి సాంబ్రాణి పొగ వేస్తుంది. ఫోన్లో వీడియోలు వందల్లో ఉన్నాయి గానీ నాకు నాన్న కెమెరాతో తియ్యాలని ఉంది, ఎందుకంటే నా చిన్నప్పటి ఫోటోలన్నీ దీంతోనే తీశాడు, కానీ ఆల్బంలో నాకు లాల పోసే ఫోటో ఒక్కటీ లేదు, అన్నీ అన్నప్రాసన, పుట్టినరోజు, ఎవరివో పెళ్ళిళ్ళు.

కొడాక్ గోల్డ్ 200 రీలు ఎక్కించి తీశా. 36లో 9 బాగున్నాయి. రీలు, కడిగించడం, స్కాన్ కలిపి ఒక్కో ఫోటోకి నాకు 45 రూపాయల దాకా పడింది కాబట్టి అడుగుతున్నా. సమస్యలు ఇవి. షెడ్డు కింద తీసినవి షేక్ అయ్యాయి, ఫోకస్ పోతుందేమో అని లెన్స్ రంధ్రం చిన్నది చేసి ఎఫ్8 పెట్టా, దాంతో షట్టర్ స్పీడు 30కి, అంటే సెకనులో 30వ వంతుకి పడిపోయింది. పొగ ఫోటోల్లో పాప నల్లగా వచ్చింది, వెనక కిటికీ ఒక్కటే తెల్లగా ఉంది. ఇంకోటి, కెమెరా కనపడగానే నాన్నమ్మ చెంబు పక్కన పెట్టేసి పైట సర్దుకుని నిటారుగా కూర్చుంటుంది, నవ్వదు కూడా.

రీలు ఇచ్చిన ల్యాబ్ వాళ్ళు స్కాన్లు మాత్రమే పంపారు, నెగిటివ్‌లు ఏవండీ అంటే ఈ రోజుల్లో ఎవరూ తీసుకోవట్లేదు, పడేశాం అన్నారు. అది ఇప్పటికీ బాధగానే ఉంది.

పాత స్టూడియో:

బాబూ, ముందు నెగిటివ్ సంగతి. రీలు ఇచ్చేటప్పుడే కవరు మీద "నెగిటివ్ తిరిగి ఇవ్వాలి" అని పెన్నుతో రాసి, నీ కళ్ళ ముందు వాళ్ళచేత చదివించు. స్కాన్ అంటే ఆ రోజు ఆ మిషన్ చూసింది అంతే, అసలు ఫోటో నెగిటివే. నేను తెనాలిలో 1984 నుంచి స్టూడియో నడిపినవాణ్ణి, ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ వాళ్ళ ఇందు బ్లాక్ అండ్ వైట్ రీళ్ళ మీద తీసిన నెగిటివ్‌లు ఇప్పటికీ నా దగ్గర కవర్లలో ఉన్నాయి, మొన్న ఒకాయన వాళ్ళమ్మ ఫోటో కావాలని వస్తే ప్రింట్ వేసిచ్చాను.

ఇప్పుడు షెడ్డు సంగతి. నీ లెక్కలోనే సమాధానం ఉంది. 200 ఫిల్మ్‌కి ఎఫ్8, 30 వచ్చిందంటే, దానికి రెట్టింపు వెలుగు పట్టే 400 ఫిల్మ్ వేసి, రంధ్రం పెద్దది చేసి ఎఫ్4 పెట్టు, అదే వెలుగుకి స్పీడు 250 వస్తుంది. చెంబులోంచి పడే నీళ్ళు కూడా కొంతవరకు ఆగి కనపడతాయి. ఎఫ్4 అంటే భయపడకు, మీటరున్నర దూరంలో ఉంటే దాదాపు జానెడు మందం ఫోకస్‌లో ఉంటుంది, పాప ముఖమూ నాన్నమ్మ చెయ్యీ రెండూ అందులో పడతాయి. అదే ఎఫ్2 పెట్టి మీటరు దూరానికి వెళ్ళావనుకో, మూడు వేళ్ళ మందం కూడా ఉండదు, పాప తల తిప్పితే అవుట్. ఏ ఫిల్మ్ వేశామో మీటర్‌కి చెప్పే ఏఎస్ఏ డయల్ 400కి మార్చడం మర్చిపోకు, ఈ కెమెరా రీలు డబ్బా మీది కోడ్ చదవదు, మనమే తిప్పాలి.

ఆమె పీట వేసేది రోజూ అదే చోట కదా, టైమూ అదే. నువ్వు ముందే వెళ్ళి మీటర్ చూసుకుని, పీట దగ్గర ఫోకస్ పెట్టుకుని, రీలు జరిపే లివర్ లాగి ఉంచుకో. ఆమె వచ్చి కూర్చున్నాక ఇంక రింగులు తిప్పొద్దు, నువ్వే ముందుకీ వెనక్కీ అర అడుగు జరుగు. స్తంభానికి భుజం ఆనించు. మాకు పెళ్ళిళ్ళలో తాళి కట్టే టైముకి ఇదే పద్ధతి, అప్పుడు ఫోకస్ వెతుక్కుంటూ కూర్చుంటే తాళి అయిపోతుంది.

సాంబ్రాణి. కిటికీకి ఎదురుగా నిలబడి తీశావు, మీటర్ కిటికీని చూసింది, పాపని చూడలేదు. పొగ కనపడాలంటే దాని వెనక చీకటి ఉండాలి, వెలుగు పక్క నుంచి పడాలి. కిటికీ నీకు పక్కకి వచ్చేట్టు, వెనక చెక్క బీరువానో, మూసిన తలుపో ఉండేట్టు పీట జరిపించు. కెమెరా పాప బుగ్గ దగ్గరికి తీసుకెళ్ళి, ఫ్రేమ్ నిండా బుగ్గ ఉండగా ముల్లు మధ్యకి తెచ్చుకుని, వెనక్కి వచ్చి తియ్యి, వెనక్కి వచ్చాక ముల్లు పైకి కిందికి ఊగినా పట్టించుకోకు. 400 ఫిల్మ్‌కి కిటికీ పక్కన ఎఫ్2.8, 60 అటూ ఇటూగా వస్తుంది. ఫ్లాష్ మాత్రం వద్దు, పొగ మీద కొడితే తెల్ల గోడ అడ్డం వచ్చినట్టు ఉంటుంది. అన్నట్టు ఫోటో కోసం పొగ ఎక్కువ వెయ్యమనకు నాయనా, పసిపిల్ల ఊపిరి.

రీలు రంగుదే వాడు. పాప ఒంటికి నలుగు, ఆమె కాళ్ళకి పసుపు, రాగి చెంబు అయితే ఆ రాగి. ఇవన్నీ బ్లాక్ అండ్ వైట్‌లో బూడిద రంగై పోతాయి.

మల్లెపందిరి:

తమ్ముడూ, పెద్దాయన లెక్కలన్నీ చెప్పేశారు, నేను నాన్నమ్మ గారి గురించే చెప్తాను. మాది గుంటూరు, ఉండేది డాలస్. నికాన్ ఎఫ్ఎం2 ఫిల్మ్ కెమెరా మీద ఇద్దరు పిల్లల్ని పుట్టినప్పటి నుంచి తీస్తున్నా, ఇండియా వచ్చినప్పుడల్లా మా అత్తగారినీ అమ్మనీ కూడా.

ఆవిడ అలా నిటారుగా కూర్చుంటున్నారంటే దాన్ని తప్పు అనుకోవద్దు. ఆ తరం వాళ్ళకి జీవితంలో ఫోటో దిగడం అంటే ఎన్నిసార్లు, పెళ్ళికో, పిల్లల పెళ్ళిళ్ళకో, తిరుపతిలో గుండుతో స్టూడియోలోనో. ఫోటో అంటే మంచి చీర కట్టుకుని కదలకుండా ఉండాలి, అదే వాళ్ళకి తెలిసిన మర్యాద. నువ్వేమో తడిసిన పాత చీరలో, జుట్టు రేగి ఉన్నప్పుడు తీస్తానంటున్నావు. అందుకని ముందు ఆవిడకి కావలసిన ఫోటో తియ్యి. నచ్చిన చీర కట్టుకోమను, కుర్చీ వెయ్యి, పాపని ఒళ్ళో పెట్టు, రెండు ఫ్రేములు మనసు పెట్టి తీసి, పెద్ద ప్రింట్ వేయించి చేతికి ఇవ్వు. మా అత్తగారికి అలా ఇచ్చాక ఆవిడ దాన్ని దేవుడి గూటి పక్కన పెట్టుకున్నారు, ఆ తర్వాత నేను వంటింట్లో ఏ మూల కూర్చున్నా పట్టించుకోలేదు, పైగా గోంగూర వలుస్తూ "వెలుగు చాలుతోందా అమ్మా" అని అడిగేవారు.

రెండోది, నాలుగు రోజులు కెమెరా ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చో. తియ్యకు. నీళ్ళు అందించు, తువ్వాలు పట్టుకో. అయిదో రోజుకి నువ్వు అక్కడ ఉండడం ఆవిడకి అలవాటైపోతుంది, నీకూ ఏ క్షణంలో ఏం చేస్తారో తెలిసిపోతుంది. నువ్వు రాసిన ఆ అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టడం, అది నువ్వు ఎప్పుడో చూసేశావు కదా, అదే నీ ఫోటో. చెంబు ఎత్తినప్పుడు నొక్కితే ఆలస్యం అవదు, నీళ్ళు పడ్డాక నొక్కితే అయిపోతుంది. నేను మా అమ్మ పిల్లలకి ముద్దలు కలిపి పెట్టేటప్పుడు ముద్ద నోటి దగ్గరికి వెళ్ళాక నొక్కేదాన్ని, అన్నీ మూసిన నోళ్ళే వచ్చేవి, చెయ్యి పళ్ళెం మీంచి లేవగానే నొక్కడం మొదలెట్టాకే నోరు తెరిచిన ఫోటో వచ్చింది.

ఇంకొక్క మాట, లాల ఫోటోలు ఆన్‌లైన్లో పెట్టకు, ఇంట్లో ఆల్బంలోనే ఉంచు. ఆవిడని కూడా ఒకసారి అడుగు, తడి బట్టల్లో తియ్యొచ్చా అని. అడిగితే ఒప్పుకుంటారు, అడగకుండా తీస్తే నొచ్చుకుంటారు.

మీ ఆవిడ చేతికీ కెమెరా ఇవ్వు తమ్ముడూ. మా ఇంట్లో పదేళ్ళ నెగిటివ్‌లు వెతికితే నేను ఉన్న ఫ్రేములు ముప్ఫై కూడా లేవు, అన్నీ నేను తీసినవే. మీ నాన్నగారు ఆల్బంలో ఎన్ని ఫోటోల్లో ఉన్నారో ఒకసారి చూసుకో.

బెజవాడ డార్క్‌రూమ్:

అన్నా, పెద్దాయన మాట కాదనట్లేదు గానీ నేను బ్లాక్ అండ్ వైట్ వైపే. ఇల్‌ఫోర్డ్ వాళ్ళ హెచ్‌పీ5 బ్లాక్ అండ్ వైట్ రీలు వాడితే ఇంట్లోనే కడుక్కోవచ్చు, నెగిటివ్ నీ చేతిలోనే ఉంటుంది, ఎవరూ పడెయ్యరు. సాంబ్రాణి పొగా, ముసలివాళ్ళ చేతుల ముడతలూ దాంట్లో వచ్చినట్టు రంగులో రావు అని నా నమ్మకం.

ఐడీ-11 డెవలపర్ (ఫిల్మ్ కడిగే మందు) నీళ్ళు కలపకుండా నేరుగా వాడితే 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. కానీ మన ఊళ్ళో కుళాయి నీళ్ళే 30 ఉంటాయి, అంత వేడిలో టైమ్ అయిదు నిమిషాల కిందకి పడిపోయి సమంగా కడగబడదు. నేను డెవలపర్‌ని సగం నీళ్ళు కలిపి వాడతా, 20 దగ్గర 13 నిమిషాలు, కాబట్టి నీళ్ళు ఒకటి రెండు డిగ్రీలు పెరిగినా టైమ్ తగ్గించుకోడానికి చోటు ఉంటుంది. బకెట్లో ఐస్ ప్యాకెట్లు వేసి సీసాలు అందులో నిలబెడతా, ఐస్ నేరుగా డెవలపర్‌లో వెయ్యకు, పల్చబడిపోతుంది. రీలుని కడిగే డబ్బాలోకి ఎక్కించేటప్పుడు చేంజింగ్ బ్యాగ్‌లో (వెలుగు చొరని సంచి) చేతులకి చెమట పట్టి రీలు అంటుకుంటుంది, అందుకని రాత్రి పూట ఫ్యాన్ కింద ఎక్కించుకుంటా. ఆఖరి కడుగు మాత్రం ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో చెయ్యి, బోరు నీళ్ళతో కడిగి ఆరేస్తే తెల్ల మచ్చలు ఉండిపోతాయి, మా అక్క సీమంతం రీలు నాకు అలాగే పోయింది.

కోనసీమలో తేమ ఎక్కువ కదా, లెన్స్ టార్చ్ పెట్టి చూడు, లోపల సాలెగూడు లాంటి సన్నటి దారాలు కనపడితే ఫంగస్, అంటే బూజు. లెదర్ కేసులో మాత్రం పెట్టకు ఇంక, అదే తేమ పట్టి ఉంచుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టు. వెనక తలుపు అంచుల్లో నల్ల స్పాంజి పట్టీ జిగురుగా అయిపోయిందేమో కూడా చూసుకో, ఇన్నేళ్ళకి అది కరిగి వెలుగు లోపలికి వస్తుంది, ఫోటోల్లో ఎర్రటి చారలు పడతాయి. వాడనప్పుడు లెన్స్ మూత పెట్టు, దీనికి మీటర్ ఆపే స్విచ్ లేదు, మూతే స్విచ్.

గోదారి ఒడ్డు:

అందరికీ చాలా థాంక్స్, పది రోజుల తర్వాత రాస్తున్నా. లెన్స్ చూశా, ఒక అంచున చిన్న దారం లాంటిది ఉంది, మిగతా అంతా శుభ్రం. స్పాంజి మాత్రం నిజంగానే వేలికి తారులా అంటుకుంది, రాజమండ్రిలో ఒక మెకానిక్ మార్చి ఇచ్చాడు.

400 రంగు రీలే ఎక్కించా, హెచ్‌పీ5 తర్వాత ప్రయత్నిస్తా బ్రో. మొదటి రెండు ఫ్రేములు నాన్నమ్మకి కావలసినట్టే. గంధం రంగు పట్టుచీర తీయించింది, మా తాతయ్య కొన్నదట, మాకెవరికీ తెలీదు ఆ చీర ఉన్నట్టు. అక్క చెప్పినట్టు నాలుగు రోజులు కూర్చున్నా. మూడో రోజు తనే "తియ్యవేంరా, మీ నాన్న అయితే ఈపాటికి రీలు అవగొట్టేవాడు" అంది. అయిదో రోజు నుంచి తీస్తున్నా, స్తంభానికి ఆనుకుని, ఎఫ్4, 250. అరచెయ్యి నుదుటి మీద పెట్టినప్పుడు రెండుసార్లు సరిగ్గా నొక్కాను అనిపించింది, ఇంకా కడిగించలేదు. మా ఆవిడ కూడా మూడు తీసింది.

ఆల్బం చూశా అక్కా. నాన్న ఉన్నవి నాలుగు. ఒకదాంట్లో అద్దం ముందు నిలబడి ఇదే కెమెరా కంటి దగ్గర పెట్టుకుని ఉన్నాడు, ముఖం సగమే కనపడుతుంది.

ఒక డౌటు. కౌంటర్ 36 దాటి 37కి వచ్చింది, లివర్ సగంలో బిగుసుకుంది. గట్టిగా లాగాలా?

పాత స్టూడియో:

లాగొద్దు, లాగొద్దు! రీలు అయిపోయింది. గట్టిగా లాగితే డబ్బాలోంచి ఊడి వస్తుంది, వెనక తలుపు తీస్తే మొత్తం పోతుంది. కెమెరా అడుగున చిన్న బటన్ ఉంటుంది, అది నొక్కి, ఎడమ పక్క పైన మడత పిడి తెరిచి బాణం గుర్తు వైపు నెమ్మదిగా చుట్టు. కొంతసేపటికి ఒక్కసారిగా పట్టు వదిలి తేలికగా తిరుగుతుంది, ఇంకో నాలుగు చుట్లు తిప్పి అప్పుడు తలుపు తియ్యి. ఈసారి కొత్త రీలు ఎక్కించాక లివర్ లాగినప్పుడు ఆ ఎడమ పిడి కూడా తిరుగుతోందో లేదో చూసుకో, తిరిగితేనే రీలు కదులుతున్నట్టు.

కవరు మీద రాయడం మర్చిపోకు. కడిగించాక ఆ అరచెయ్యి ఫ్రేము నెంబరు చెప్పు, ప్రింట్ ఎంత సైజు వేయించాలో అప్పుడు మాట్లాడదాం.