తమ్ముడు వేసిన మండువా బొమ్మలో లోపాలు ఎలా చెప్పాలి?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. ఉద్యోగం చేసుకుంటూ తీరిక వేళల్లో ఒక అడ్వెంచర్ గేమ్ తయారుచేస్తున్నాను. అడ్వెంచర్ గేమ్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నాను. కథ, చిక్కుముడులు, కోడు నావి. బొమ్మలు మా బాబాయి కొడుకు వేస్తున్నాడు. డిగ్రీ చదువుతున్నాడు, ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, చెయ్యి మాత్రం మంచిది. మా మధ్య డబ్బు మాట లేదు. ఇష్టపడి చేస్తున్నాడు.

కథ కోనసీమలోని ఒక పాత మండువా ఇంట్లో నడుస్తుంది. తాతగారు పోయాక మనవరాలు వచ్చి ఇనప్పెట్టె తాళంచెవి వెతుకుతుంది. అది గోడ గూట్లో ఉన్న మరచెంబులో ఉంటుంది. తెర కొలత 320×180 పిక్సెళ్లు. మొదటి గది, అంటే మండువా, పూర్తిచేసి పంపాడు. జతచేశాను, చూడండి.

చూడగానే ముచ్చటేసింది. పెంకుల మీద నాచు, ఉట్టి, దండెం మీద ఆరేసిన పంచె, దేన్నీ వదల్లేదు. కానీ ఆటలో పెట్టేసరికి ఏదో తేడా కొడుతోంది. మనవరాలు వెనక వరండాలోకి వెళ్తే తల దూలానికి తగిలేంత ఎత్తుగా కనబడుతోంది. గూట్లో మరచెంబు ఉందని నాకు తెలుసు కాబట్టి కనబడుతోంది గానీ కొత్తవాళ్లకు కనబడుతుందనే నమ్మకం లేదు. గంగాళం ఫొటోలోంచి తెచ్చి పెట్టినట్టుంది.

మొన్న ఇంట్లో పెద్దవాళ్లెవరో "పిల్లల పుస్తకంలో బొమ్మలా ఉంది" అన్నందుకు కొన్నాళ్లు పెన్ను ముట్టలేదట. ఏది ముందు చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి? నేనే దిద్ది పంపితే తప్పా?

రంగులపెట్టె:

గోదారిగట్టు గారూ, బొమ్మ జతచేసి మంచిపని చేశారు. చాలామంది బొమ్మ పెట్టకుండా దాని వర్ణన రాసి సలహా అడుగుతారు. వాళ్లకు నేను జవాబు రాయను. యానిమేషన్ స్టూడియోల్లో బ్యాక్‌గ్రౌండ్లు వేసి, ఇప్పుడు పిల్లలకు డ్రాయింగు చెప్పుకుంటున్నవాణ్ని. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి.

మీ తమ్ముడితో "బాగుంది", "బాగాలేదు" అనే మాటలే ఎత్తకండి. ఆడేవాడు ఈ గదిలోకి వచ్చాక ఎక్కడ నడవగలడు, ఏది తీయగలడు, ఎటు బయటికి పోగలడు అనేవే అడగండి. బొమ్మలో ప్రతి లోపమూ వీటిలో ఏదో ఒకదానికి అడ్డం పడుతూనే ఉంటుంది. అడ్డం పడనిది లోపమే కాదు, అతని ఇష్టం. దాని జోలికి వెళ్లకండి.

మీ మనవరాలి ఎత్తు సంగతి చూద్దాం. గచ్చు మీది గీతలను పొడిగించి చూశాను. పైనుంచి సుమారు 60వ పిక్సెల్ దగ్గర కలుస్తున్నాయి. స్తంభాల మీది దూలాల గీతలేమో 95 దగ్గర కలుస్తున్నాయి. ఆ గీతలు కలిసే ఎత్తే కంటి మట్టం, అంటే చూసేవాడి కన్ను ఉన్న ఎత్తు. ఒకే గదిని ఒకే చోటినుంచి చూస్తూ రెండు కంటి మట్టాలు పెట్టుకోలేం. (వాసాలను ఈ లెక్కలోకి లాగకండి. అవి మండువా వైపుకు వాలి ఉంటాయి కాబట్టి వాటి గీతలు కంటి మట్టం మీద కలవవు, కలవకూడదు కూడా. ఎవరూ నేర్పకుండా ఆ వాలు సరిగ్గా పట్టుకున్నాడు మీవాడు. అన్నిటికన్నా ముందు ఆ మాట చెప్పండి.)

60 దగ్గరే ఉంచమనండి. 95కి దించితే నేల సన్నని పట్టీ అయిపోతుంది, నడవడానికి చోటుండదు. తర్వాత లెక్క తేలిక. ముందు వరసలో ఆమె పాదాలు 160 దగ్గర ఉన్నాయి, ఎత్తు 70 పిక్సెళ్లు. పాదాలకూ కంటి మట్టానికీ మధ్య 100. వెనక వరండాలో పాదాలు 110 దగ్గరికి చేరితే మధ్య దూరం 50, అంటే సగం. ఎత్తూ సగమై 35 కావాలి. ఆమె నడిచే మేరకు స్కేలింగ్ (వెనక్కి పోయేకొద్దీ పాత్రను చిన్నది చేసే అమరిక) పెడితే ఆట దానంతట అదే కుదిస్తుంది. మీరు పెట్టలేదు. అది కోడు రాసేవారి పని, తమ్ముడి నెత్తిన రుద్దకండి. ఒక్క ఇబ్బంది ఉంది. అంత చిన్న స్ప్రైటును (కదిలే పాత్ర బొమ్మను) యంత్రం సగానికి కుదిస్తే ముఖం చెదిరిపోతుంది. వెనక వరండాకు వేరే చిన్న మనవరాలిని వేయిస్తే మేలు.

ఇక వెలుతురు. మండువా ఇంటికి వెలుతురు పడేది మధ్యలో తెరిచిన ఆకాశం నుంచి. ఎడమ వరస స్తంభాలకు కుడి చెంప, కుడి వరసకు ఎడమ చెంప వెలగాలి. గోడల మూలలకు పోయేకొద్దీ చీకటి చిక్కబడాలి. మీవాడు ప్రతి వస్తువుకూ చుట్టూ అంచుల్లో నీడ, నడుమ వెలుగు పెట్టాడు. పిల్లో షేడింగ్ అంటారు, కొత్తగా వేసేవాళ్లలో చాలామంది చేతికి ముందు అలవాటయ్యేది ఇదే. స్తంభాలు, గంగాళం, చివరికి గోడ కూడా దిండ్లలా ఉబ్బి కనబడుతున్నాయి.

మరచెంబు మాటకొస్తే, బొమ్మను ఒకసారి నలుపు తెలుపులోకి మార్చి చూడండి. ఇత్తడి, గూటిలోని గోధుమ రంగు రెండూ ఒకే బూడిదలో కలిసిపోయాయి. రంగులు వేరైతే చాలదు, వెలుగులో తేడా ఉండాలి. అదే నలుపు తెలుపు బొమ్మలో అన్నిటికన్నా తెల్లగా మెరుస్తున్నది దండెం మీది పంచె! ఆడేవాడి కన్ను నేరుగా పంచె మీదికి పోతుంది. అక్కడ చేసే పనేమీ లేదు. పంచెను కాస్త మాసిన రంగుకు దించి, గూట్లో నీడ చిక్కజేసి, మరచెంబు భుజం మీద ఆకాశం పడే వైపు రెండు మూడు లేత పసుపు చుక్కలు పెడితే సరి.

గంగాళం ఫొటో కుదించి పెట్టిందే. అందుకే దాని అంచులు మసక, మిగతావి పదును. బొమ్మ మొత్తంలో పిక్సెల్ ఒకే సైజులో ఉండాలి. ఫొటోను పక్కన పెట్టుకుని చూస్తూ వేయమనండి.

గోడలనిండా చుక్కలు చల్లాడు, డిథరింగ్. 1990లో వచ్చిన 'లూమ్' ఆటకు తెర మీద ఉన్నవి 16 రంగులే. దానికి బొమ్మలు వేసిన మార్క్ ఫెరారీ రెండు రంగుల చుక్కలు పక్కపక్కన పేర్చి లేని మూడో రంగును కంటికి చూపించాడు. అది అప్పటి అవసరం. మీ తమ్ముడికి రంగుల కొరత లేదు. పాత ఆటల మీద ప్రేమతో వేశాడా, అలా వేయాలేమో అనుకుని వేశాడా? అడగండి. ప్రేమతో అయితే ఉండనివ్వండి.

ఇదంతా ఒకే ఉత్తరంలో రాసి పంపితే ఎవరైనా పెన్ను కింద పెడతారు. ముందు కంటి మట్టం, వెలుతురు చెప్పండి. ఆ రెండూ మారితే ఇప్పుడున్న నీడలు ఎలాగూ మళ్లీ వేయాలి, వాటి గురించి ఇప్పుడు మాట్లాడటం దండగ. నేనైతే ఇలా రాస్తాను:

"తమ్ముడూ, మండువా ఆటలో పెట్టి నడిపించాను. వాసాల వాలు, పెంకుల మీద నాచు చూస్తే పాత ఇంట్లో నిలబడ్డట్టే ఉంది. వెనక వరండాలో ఆమె మరీ పొడుగ్గా కనబడుతోంది. స్కేలింగ్ నేను పెడుతున్నాను. దూలాల గీతలు కూడా గచ్చు గీతలు కలిసే చోటే కలిసేలా మార్చగలవా? రెండోది, వెలుతురు ఎటునుంచి వస్తోందని నువ్వు అనుకుని వేశావు? మధ్య ఆకాశం నుంచి అనుకుంటే మరచెంబు మీద ఆ వెలుగు పడేలా చూడు. అక్కడే కదా కథ తిరిగేది. మిగతా గదులు రంగులు వేయకముందే గీతల దశలో పంపు, ఇద్దరం చూద్దాం."

చివరి వాక్యం మరిచిపోవద్దు. రంగులన్నీ వేశాక చెప్పే సలహా ఎంత మంచిదైనా చేదుగానే ఉంటుంది.

ఎలుకబోను:

మాస్టారు బొమ్మ సంగతి చెప్పారు. నేను ఆటలు పరీక్షించే పని చేస్తాను కాబట్టి ఆ వైపునుంచి ఒక మాట. మీ ఇద్దరి కళ్లనూ నమ్మకండి, ఇద్దరికీ కథ తెలుసు. ఆటలంటే ఏమిటో తెలియని మనిషికి బొమ్మను కాసేపు చూపించి మూసేయండి. ఏమేం కనబడ్డాయో చెప్పమనండి. చెప్పనిది బొమ్మలో లేనట్టే. మరో ఆటలో ఒక దీపపు కుందిని మా అత్తయ్యకు చూపిస్తే "ఆ అరటిగెల ఎందుకక్కడ?" అని అడిగారు. వేసిన అబ్బాయి పడీపడీ నవ్వి, ఆ రాత్రే దిద్దాడు. నేను చెప్పి ఉంటే నాతో వాదన పెట్టుకునేవాడు.

వస్తువు కనబడకపోతే ఆడేవాళ్లు తెరంతా మౌసుతో గాలిస్తారు. మౌసు పెడితే హాట్‌స్పాట్ (నొక్కగలిగే చోటు) పేరు పైన వస్తుంది కదా అని దాన్ని నమ్ముకుని బొమ్మను వదిలేయకండి.

సగంగీత:

రంగులపెట్టె గారు చెప్పిన లెక్కలతో నాకు పేచీ లేదు. మీరే దిద్ది పంపడం గురించి ఆయన ఏమీ అనలేదు, అక్కడ నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. పంపకండి. నా బొమ్మ మీద ఒకరు అడక్కుండా రంగులు వేసి "ఇలా ఉంటే బాగుంటుంది" అని అందరిముందూ పెట్టారు. ఆయన వేసింది నాకన్నా బాగుంది. అందుకే ఆ బొమ్మ మళ్లీ తెరవలేదు. అది నాది కాకుండా పోయింది.

తప్పనిసరైతే ముందు అడగండి: "దీని మీద గీతలు గీసి చూపించనా?" సరేనంటే వేరే లేయరులో, ఒకే రంగులో, గీతలు మాత్రమే గీయండి. కంటి మట్టానికి ఒక అడ్డగీత, వెలుతురు దిక్కుకు ఒక బాణం చాలు. రంగు ముట్టుకోవద్దు. ఆ గీతలను చూసి ఏం చేయాలో అతనే తేల్చుకుంటాడు.

ఇంకొకటి. పాత బొమ్మ పక్కన కొత్తది పెట్టి చూపించడం అలవాటు చేసుకోండి. నేర్చుకుంటున్నవాడికి అంతకన్నా ఊరట మరొకటి లేదు.

రంగులపెట్టె:

@సగంగీత, ఒప్పుకుంటున్నాను. ఎర్ర గీతలు మాత్రమే. స్టూడియోలో జీతానికి వేసేవాడి బొమ్మ మీద వేరొకరు దిద్దడం మామూలే, అక్కడ బొమ్మ కంపెనీది. ఇక్కడ అతనిది.

గోదారిగట్టు:

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు రాసిన ఉత్తరాన్నే కాస్త మా ఇంటి మాటల్లోకి మార్చి పంపాను. వెలుతురు గురించి అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు వచ్చింది: "దాని గురించి అనుకోనేలేదు అక్కా, ఉండు." బొమ్మను అమ్మకు చూపించాను. ఉట్టి, పంచె, గంగాళం చెప్పింది. మరచెంబు చెప్పలేదు.

ఒక చిక్కు మిగిలింది. వెనక గది గుమ్మం మరీ పొట్టిగా ఉంది, ఆమె వెళ్తుంటే తల పైకమ్మీలోంచి దూసుకుపోతోంది. పెంచమందామంటే వాడు ఒప్పుకోవడం లేదు. పాత ఇళ్లలో గుమ్మాలు అంతే ఉంటాయి, తల వంచే వెళ్లాలి అంటాడు.

రంగులపెట్టె:

వాడి మాటే నిజం, గుమ్మం ముట్టుకోకండి. గడపకు ఒక అడుగు ముందు నేల మీద రీజియన్ (కాలు పెడితే కోడు నడిచే చోటు) పెట్టండి. దాని మీద కాలు పెట్టగానే నడక ఆపి, తల వంచే రెండు ఫ్రేములు చూపించి, తెర నల్లబరిచి గది మార్చేయండి. ఆ రెండు ఫ్రేములు వేయమని అతన్నే అడగండి. గుమ్మం కోసం అంత వాదించినవాడు కాదనడు.