భుజం తగిలించడానికి అప్పు చేసినవాడు: అది పగా, ఇంకేమన్నానా?

చలిమంట:
రష్యన్ రచయిత దొస్తొయెవ్‌స్కీ 1864లో రాసిన నవల 'నోట్స్ ఫ్రమ్ అండర్‌గ్రౌండ్' నిన్న రాత్రి పూర్తిచేశాను. రెండో భాగంలో, బిలియర్డ్స్ బల్ల దగ్గర దారికి అడ్డంగా నిలబడ్డ కథకుణ్ణి ఒక ఆఫీసరు మాటైనా లేకుండా భుజాలు పట్టుకుని పక్కన పెట్టేసి వెళ్లిపోతాడు, కుర్చీని జరిపినట్టు. కొట్టినా క్షమించేవాణ్ణి గానీ ఇది క్షమించలేనంటాడు. ఏళ్ల తరబడి అదే కక్ష.

మొదట నవ్వొచ్చింది. ఎనిమిదేళ్ల క్రితం మా క్యాంటీన్ క్యూలో ఒక పెద్ద మేనేజరు ఫోన్ మాట్లాడుతూనే నన్ను మోచేత్తో జరిపి ప్లేటు తీసుకున్నాడు. ఇప్పటికీ స్నానం చేస్తూ ఆయనకు సమాధానాలు చెబుతుంటాను.

నా సందేహం: ఆఫీసరును ద్వంద్వయుద్ధానికి పిలుస్తూ ఉత్తరం రాస్తాడు కదా (పంపడనుకోండి). అది చదివితే ఆఫీసరు పరుగెత్తుకొచ్చి కౌగిలించుకుని స్నేహం చేసేవాడని ఊహించుకుంటాడేంటి?

పాత అట్ట:
కాలర్ చూడండి, తెలుస్తుంది. పీటర్స్‌బర్గ్‌లోని పెద్ద వీధి నెవ్‌స్కీ ప్రాస్పెక్ట్ మీద ఆఫీసరుకు దారివ్వకుండా భుజం తగిలించాలని నిర్ణయించుకున్నాక వాడు చేసే మొదటి పని షాపింగ్! నల్ల గ్లవ్స్, మంచి టోపీ. కోటుకున్న రకూన్ బొచ్చు కాలర్ నౌకరు వేషంలా ఉందని బీవర్ బొచ్చు కాలర్ వేయిస్తాడు. డబ్బు చాలక పై అధికారి దగ్గర అప్పు. గుద్దుకోవాలన్నా సమానంగా కనబడాలి మరి.

మరో రష్యన్ రచయిత గోగోల్ కథ 'ఓవర్‌కోట్' (1842)లోనూ కాలరే. ఏడాదికి 400 రూబుళ్ల జీతగాడు, కోటు కోసం సాయంత్రం టీ మానేసినవాడు, చివరికి పిల్లి బొచ్చుతో సర్దుకుంటాడు. దూరం నుంచి ఖరీదైన మార్టెన్ బొచ్చులా కనబడుతుందని.

వేపనీడ:
అందరూ కథకుడి మీద జాలిపడిపోతున్నారు, వాడికి వేశ్యాగృహంలో పరిచయమైన లీజాను ఎవరూ తలుచుకోరే! తనను మనిషిగా చూసి ఇంటికొచ్చిన అమ్మాయి చేతిలో అయిదు రూబుళ్ల నోటు కుక్కుతాడు. ఆఫీసరు చేసింది ఇంతకన్నా చిన్న పనే. ఆమె వెళ్లాక చూస్తే నలిగిన నీలం నోటు బల్ల మీదే ఉంటుంది. నాకు ఆ పుస్తకంలో వెన్నెముక ఉన్న మనిషి ఆమె ఒక్కతే.

చలిమంట:
వేపనీడ గారూ, ఒప్పుకుంటున్నాను. పాత అట్ట గారూ, మీరన్నాక ఆ పేజీలు మళ్లీ తిరగేశాను. కళ్లు మూసుకుని తగిలిస్తాడు, దెబ్బ ఎక్కువ తగిలేది వీడికే. ఆఫీసరు తిరిగి కూడా చూడడు. చూడనట్టు నటించాడని వీడి నమ్మకం! 14 ఏళ్లయ్యాక కూడా, ఇప్పుడెక్కడున్నాడో, ఎవర్ని తొక్కుకుంటూ నడుస్తున్నాడో అని ఆప్యాయంగా తలుచుకుంటాడు.

నేనూ రాత్రి మా మేనేజరు ప్రొఫైల్ వెతికాను. రిటైరయ్యారట. ఎందుకో కాస్త దిగులేసింది.