అమ్మేసిన నాన్న బుల్లెట్టు వెనక్కి అడగడం తప్పా? కాగితాల మీద సంతకం ఇంకా కాలేదు

మహేంద్రతనయ ఒడ్డు:
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నాన్నగారికి 1974 నాటి బుల్లెట్ 350 ఉండేది. కాశీనగర్ బళ్ళో తెలుగు మేష్టారుగా చేసినన్నాళ్ళూ దాని మీదే వెళ్ళొచ్చేవారు. ఆయన పోయి రెండేళ్ళయింది. అప్పట్నుంచీ బండి వీధి గదిలో గోనెపట్టా కింద ఉండిపోయింది. అడ్డంగా ఉందని విసుక్కున్నది నేనే.

పోయిన నెల విశాఖపట్నం నుంచి ఒకాయన వచ్చి చూశారు. లక్షా పదివేలకు కుదిరింది. మొత్తం చేతిలో పెట్టారు. వేరే బేటరీ తగిలించి, ఇంజనులో ఒత్తిడి వదిలే డీకంప్రెసర్ మీట పట్టి, ఆంపియర్ ముల్లు మధ్యకొచ్చాక కిక్ కొడితే రెండోసారికే అందుకుంది. ఆ చప్పుడుకి అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఒక్క మాట అనలేదు. బండి వ్యానెక్కి పాతపట్నం వైపు వెళ్ళిపోయింది.

మొన్న ఆయన ఫోటో పంపారు. ఇంజను దింపేశారు. టేంకు గీకేసి ఉంది, ఎర్ర రంగు వేయిస్తారట. దాని మీద చేత్తో గీసిన బంగారు గీతని నాన్న ప్రతి ఆదివారం మెత్తటి పంచెగుడ్డతో తుడిచేవారు. ఆ ఫోటో చూసినప్పట్నుంచీ నాకు అన్నం సయించడం లేదు.

బండిని వేరే రాష్ట్రంలో మార్పించుకోవడానికి మన ఆర్టీవో ఇచ్చే అభ్యంతరం లేదన్న కాగితం, ఎన్ఓసీ, ఇంకా తియ్యలేదు. ఆయన డబ్బు, వ్యాను ఖర్చు, అక్కడ పెట్టిన ఖర్చు అంతా ఇచ్చేసి బండి అడుగుదామనుకుంటున్నాను. ఇవ్వనంటే సంతకం పెట్టొద్దని మా తమ్ముడి మాట. అది న్యాయమేనా?

గుణుపురం గేరు:
అడగండి అన్నా. ఖర్చుతో సహా ఇస్తానంటున్నప్పుడు ఆయనకు పోయేదేముంది? నేను ఎజ్డీ అమ్ముకున్నవాణ్ణి. కిక్ రాడ్డునే మడిచి గేరుగా వాడే బండి, అటొకటి ఇటొకటి సైలెన్సర్లు. మైసూరు ఫేక్టరీ 1996లో మూతపడ్డాక సామాను దొరక్క విసిగి ఇచ్చేశాను. వారం తిరక్కుండానే అడగాలనిపించింది, సిగ్గుపడి ఊరుకున్నాను. ఇప్పటికీ ఆ చప్పుడు వినిపిస్తే రోడ్డు మీద ఆగిపోతాను. మీరు ఆ పొరపాటు చెయ్యకండి. కాగితం కాలేదంటే మీ పట్టు ఇంకా ఉన్నట్టే.

బరంపురం అక్క:
తమ్ముడూ, అడగడం వేరు, సంతకం బిగబట్టడం వేరు. డబ్బు లెక్కపెట్టుకుని తాళం ఇచ్చాక అమ్మకం అయిపోయింది. 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం ప్రకారం, ఎదురుగా ఉన్న వస్తువుకి బేరం కుదిరినప్పుడే సొంతదారు మారతాడు. ధర తక్కువైందనో మనసు మారిందనో అది రద్దు కాదు. ఆర్టీవో కాగితాలు ఆ తర్వాతి పని. ఆ సంతకం ఆయనకు మీరు బాకీ. బాకీని అడ్డం పెట్టుకుని బేరమాడతారా?

ఇంకోటి, నొప్పించాలని కాదు. ఆయన రెండు లక్షలిచ్చి ఉంటే ఈ బాధ ఇంతే ఉండేదా?

మహేంద్రతనయ ఒడ్డు:
అక్కా, దాచను. అలాంటి బండికి ఇంకా వస్తుందని తర్వాత ఒకరు చెప్పారు, అదీ గుచ్చుకుంది. కానీ టేంకు ఫోటో చూశాక కలిగింది అది కాదు. ఆ రాత్రి గోనెపట్టా మడతపెట్టబోతే అందులో ఇంకా ఆయిలు వాసన.

రాయగడ పాత మెకానిక్కు:
అందరూ న్యాయం మాట్లాడుతున్నారు గానీ, ముందు ఒకటి చెప్పండి బాబూ. ఆర్సీ ఎవరి పేరున ఉంది?

మహేంద్రతనయ ఒడ్డు:
నాన్న పేరునే ఉంది.

రాయగడ పాత మెకానిక్కు:
అదే అనుకున్నాను. అయితే అమ్మిన మీకూ కాగితం లేదు, కొన్న ఆయనకూ లేదు. యజమాని పోతే 30 రోజుల్లో ఆఫీసుకు తెలపాలి, 3 నెలల్లో ఫారం 31 పెట్టి వారసుడి పేరున మార్పించుకోవాలి. అది జరగనిదే ఫారం 28 మీద ఎన్ఓసీ రాదు, పేరు మార్పు ఫారాలు 29, 30 కదలవు. పైగా అది అప్పటి గంజాం జిల్లా పుస్తకం. మీ పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా 1992లో గదా వచ్చింది. పాత రికార్డు గంజాంలో వెతకాల్సి రావచ్చు, ఆన్‌లైన్‌లో ఎక్కించాల్సి రావచ్చు.

సంతకం బిగబడితే ఆయన్ని పట్టుకున్నట్టు అనుకుంటున్నారు. పట్టుబడేది మీరే. ఆ బండి రేపు ఎవరినైనా గుద్దితే పరిహారం రికార్డులో పేరున్నవాళ్ళ మీదకే వస్తుందని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. ఇక్కడ ఆ పేరు మీ నాన్నగారిది. ఆయన పేరు మీద నోటీసు మీ గుమ్మంలోకి రావాలా?

టేంకు సంగతికొస్తాను. రంగు పోయినా మళ్ళీ గీత గీసేవాళ్ళున్నారు. నాకు భయం ఇంజను గురించే. 50 ఏళ్ళు దాటిన బండిని పాతకాలపు వాహనంగా నమోదు చేసే నిబంధన 2021లో వచ్చింది. ఇంజను, ఛాసీ (బండి చట్రం) అసలు రూపంలో ఉండాలి. మీ బండికి ఆ వయసు వచ్చేసింది. ఇంజను, ఛాసీ నంబర్లు మార్చొద్దని, కుడికాలి గేరు ఎడమకాలికి మార్చొద్దని ఆయనకు ఈ పూటే ఫోన్ చేసి చెప్పండి. బండి ఎవరి దగ్గరున్నా అది బతకాలి గదా.

బరంపురం అక్క:
అది తండ్రి ఆస్తి అయితే అమ్మగారికీ వాటా ఉంది. ఆవిడని అడిగే అమ్మారా? గుమ్మంలో నిలబడి ఏమీ అనలేదని రాశారు. అడక్కుండా అమ్మి, ఇప్పుడు అడక్కుండానే వెనక్కి తేబోతున్నారు మీరిద్దరూ.

మహేంద్రతనయ ఒడ్డు:
అక్క మాట రెండు రోజులు మింగుడుపడలేదు. నిన్న రాత్రి అమ్మని అడిగాను. ఫోటో కూడా చూపించాను. చాలాసేపు చూసింది. "ఇంజను దింపాడంటే నడుపుకుంటాడన్నమాట. మన ఇంట్లో అది పడుకునే ఉందిగా" అంది. లేచి వెళ్ళి పెట్టెలోంచి నాన్న స్పానర్ల సంచీ తెచ్చింది. ఎక్కడుందో రెండేళ్ళుగా నాకు తెలీదు. "ఇదీ ఆయనకే పంపెయ్. బండి అక్కడ, ఇది ఇక్కడ ఎందుకు?" అంది.

ఫారం 31కి అమ్మ, నేను, తమ్ముడు సోమవారం వెళ్తున్నాం. సంతకాలు పెట్టేస్తాం. తమ్ముడు ఇంకా ఒప్పుకోలేదు, నా మనసూ పూర్తిగా ఒప్పుకోలేదు.

గుణుపురం గేరు:
నాకైతే ఇప్పటికీ అడగాల్సిందే అనిపిస్తుంది అన్నా. కనీసం ఒక్క మాట రాయించుకోండి. ఆయన ఎప్పుడైనా అమ్మదలిస్తే ముందు మీకే చెప్పాలని.

మహేంద్రతనయ ఒడ్డు:
ఫోన్ చేశాను. ఆ మాటకి ఒప్పుకున్నారు, రాసి పంపుతానన్నారు. నంబర్లు ముట్టుకోలేదట, గేరు కూడా మార్చనన్నారు. ఎర్ర రంగు ఆపి, బంగారు గీత ఎంత వెడల్పు ఉండేదో కొలత అడిగారు. పాత ఫోటోల్లో వెతుకుతున్నాను.