ఫ్రాయ్‌లైన్‌ను ‘కుమారి’ అంటే సరిపోతుందా?

జర్మన్ రచనలను తెలుగు చేసేటప్పుడు ‘ఫ్రాయ్‌లైన్’ కనిపించిన చోటల్లా ‘కుమారి’ అని రాయడం సులువే గాని, ఆ మాట ఏ కాలానిదో, ఎవరు ఎవరిని అన్నదో చూడకుండా అలా రాయడం నాకు సమ్మతం కాదు.

పూర్వం కులీన స్త్రీని సూచించిన ‘ఫ్రావ్’ శబ్దానికి చిన్నతనాన్ని తెలిపే ‘లైన్’ ప్రత్యయం చేరి ‘ఫ్రాయ్‌లైన్’ ఏర్పడింది. ఆ ప్రత్యయం చేరిన నామవాచకాలన్నీ నపుంసకలింగాలే కనుక, వ్యాకరణరీత్యా ఫ్రాయ్‌లైన్ కూడా నపుంసకమే. ‘అమ్మాయి వచ్చింది, బండి వచ్చింది’ అని ఒకే క్రియారూపంతో సరిపెట్టే మనకు ఇది మరీ వింత కాకపోవచ్చు.

18వ శతాబ్దంలో ఇది ప్రధానంగా ఉన్నత వంశాల అవివాహితలకు చెల్లిన గౌరవవాచకం. సామాన్యుల కూతుళ్లు ‘యుంగ్‌ఫర్’లు, లేదా ఫ్రెంచి నుంచి వచ్చిన ‘మామ్‌జెల్’లు. 1808లో వెలువడిన గోథే నాటకం ‘ఫౌస్ట్’ మొదటి భాగంలో, వీధిలో ఎదురుపడిన ఫౌస్ట్ అందమైన ఫ్రాయ్‌లైన్ అని సంబోధించగా, తాను ఫ్రాయ్‌లైన్‌నూ కాను, అందగత్తెనూ కాను, తోడు లేకుండానే ఇల్లు చేరగలనని గ్రేట్‌షెన్ అనే సామాన్యుల పిల్ల బదులిస్తుంది. ఇక్కడ ‘కుమారి’ అని రాస్తే, పెళ్లికాని పిల్ల తాను కుమారిని కానంటున్నదేమిటని పాఠకుడు తికమకపడతాడు. ‘దొరసాని’ అంటేనే ఆ జవాబులోని చురుకు తెలుస్తుంది.

తర్వాత ఆ మాట మధ్యతరగతి ఇళ్లలోకి దిగింది, టెలిఫోను ఎక్స్ఛేంజిలో లైను కలిపే ఉద్యోగినికి పేరయింది, చివరకు హోటల్లో వడ్డించే ఆమెను పిలిచే కేకగా మిగిలింది. ఉపాధ్యాయినుల సంగతి వేరు. పెళ్లి చేసుకుంటే ఉద్యోగం వదలాలన్న నిబంధనను 1919 నాటి జర్మన్ గణతంత్ర రాజ్యాంగం (వైమార్ రాజ్యాంగం) తొలగించినా, 1923లో దానికి మళ్లీ దారి తెరుచుకుంది. అందువల్ల తల నెరిసిన పంతులమ్మ కూడా పిల్లలకు ఫ్రాయ్‌లైనే. అటువంటి చోట ‘టీచరమ్మ’ అనడమే సహజం.

పురుషుడు పెళ్లికి ముందూ తర్వాతా ‘హెర్’ (శ్రీ)గానే ఉండగా స్త్రీకి మాత్రం రెండు పిలుపులెందుకన్న అభ్యంతరం బలపడి, 1972లో పశ్చిమ జర్మనీ హోంశాఖ ప్రభుత్వ వ్యవహారాల్లో వయోజన స్త్రీలందరికీ, అంతవరకు వివాహితలకు చెల్లిన ‘ఫ్రావ్’ అనే వాడాలని ఆదేశించింది. ‘శ్రీ’ ఒక్కటే ఉండి ‘కుమారి’, ‘శ్రీమతి’ రెండుగా ఉన్న మన దరఖాస్తులకూ ఆ అభ్యంతరం వర్తిస్తుంది.

నేటి నవలలో తల్లి పెంకి కూతురిని మందలిస్తూ ‘మైన్ ఫ్రాయ్‌లైన్’ (నా ఫ్రాయ్‌లైన్) అంటే మాత్రం, దానికి ‘ఏమమ్మా మహాతల్లీ’ అన్నదే సరైన తెలుగు.