అప్‌డేట్: అశ్వగంధ ఆపేశాను, దడ తగ్గింది

రెండు నెలల క్రితం అడిగింది నేనే. థైరాయిడ్ తక్కువగా ఉండడంతో రోజూ లీవోథైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోను మాత్ర) వేసుకుంటాను. ఆందోళన తగ్గుతుందని అశ్వగంధ మొదలుపెడితే గుండె దడ ఇంకా పెరిగింది, ఎందుకని అడిగాను. దాదాపు అందరూ "ముందు రక్తపరీక్ష చేయించుకోండి" అన్నారు. అప్పుడు కాస్త కోపం వచ్చిన మాట నిజం.

చేయిస్తే టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోను; ఒంట్లో థైరాయిడ్ హార్మోను ఎక్కువైతే ఇది తగ్గుతుంది) 0.1కి పడిపోయి ఉంది. అశ్వగంధ థైరాయిడ్ హార్మోనును పెంచగలదని డాక్టరుగారు చెప్పారు. అసలే మాత్ర వేసుకుంటున్నాను, దానికి ఇది తోడైంది. చేతుల వణుకు, నిద్ర లేకపోవడం నా బెంగ వల్లే అనుకున్నాను గానీ, సగం ఆ సీసా పుణ్యమే. "అశ్వగంధ అంటే పెన్నేరు గడ్డే కదా, అమ్మమ్మల కాలం నాటిది" అంటూ మా వదిన ఇచ్చింది. మా అమ్మమ్మ థైరాయిడ్ మాత్రలు వేసుకోలేదు మరి!

ఆపేసి ఆరు వారాలైంది. నిన్నటి పరీక్షలో టీఎస్‌హెచ్ 2.3 వచ్చింది, అంటే మామూలు స్థాయే. ఆందోళన పూర్తిగా పోలేదు, కౌన్సెలింగ్‌కు వెళ్తున్నాను.

అశ్వగంధ పనికిరాదని నేననను. 2012లో వెలువడిన, హైదరాబాదులోనే 64 మందిపై జరిగిన అధ్యయనంలో, రోజుకు 600 మిల్లీగ్రాముల వేరు సారం 60 రోజులు వాడినవారికి ఒత్తిడి తగ్గింది. నాకు మాత్రం సరిపడలేదు.

బదులుగా బ్రాహ్మి వాడమన్నవారికి కృతజ్ఞతలు. అదీ ఎలుకల్లో థైరాయిడ్ హార్మోనును పెంచిందట, కాబట్టి డాక్టరుగారిని అడగకుండా ముట్టుకోను.